లెక్కకు ఇద్దరు, హక్కుకు ఒక్కరు

అమెరికా విశ్వవిద్యాలయాల ఆటల ఖాతాల్లో ఒక విచిత్రమైన లెక్క ఉంది. ఒక విద్యార్థిని చదువుల సంవత్సరం మొదట్లో వాలీబాల్, చలికాలంలో బాస్కెట్‌బాల్ ఆడుతుందనుకుందాం. 'మా దగ్గర ఆడపిల్లలకు ఎన్ని అవకాశాలున్నాయో చూడండి' అని విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి లెక్క చూపేటప్పుడు ఆ అమ్మాయి ఇద్దరు. వాలీబాల్ జట్టులో ఒకరు, బాస్కెట్‌బాల్ జట్టులో ఒకరు. 'ఆడపిల్లలకు ఎంత స్కాలర్‌షిప్ డబ్బు రావాలి' అని వాటా తేల్చేటప్పుడు అదే అమ్మాయి ఒక్కరు.

ఈ రెండు లెక్కలకూ వేటి కారణం వాటికి ఉంది. మొదటిది అవకాశాల లెక్క, రెండోది మనుషుల లెక్క. నా పేచీ వాటితో కాదు. ఇంకా హైస్కూల్లో ఉండగానే ఆ అమ్మాయి తనంతట తాను, 'నాకు రెండు ఆటలూ ఇష్టం, రెండూ ఆడతాను, చేర్చుకుంటారా?' అని అడిగితే చాలాచోట్ల వినిపించే జవాబుతో నా పేచీ. 'ఏదో ఒకటి తేల్చుకో' అంటారు. కాగితం మీద ఆమెను ఇద్దరుగా రాసుకోవడానికి అభ్యంతరం లేని వ్యవస్థ, మైదానంలో ఆమె రెండు ఆటలు కోరుకుంటే మాత్రం ముఖం చిట్లిస్తుంది. ఆమె రెండు ఆటలు ఆడటం ఎవరి అవసరానికి, ఎవరి ఇష్టానికి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

అమెరికా కాలేజీ ఆటల గొడవ మనకెందుకని అడగొచ్చు. స్త్రీలకు చట్టం ఇచ్చిన హక్కు అంకెలుగా మారి రిజిస్టర్లలోకి ఎక్కినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు. అందుకే ఈ వ్యాసం.

*చట్టం తెచ్చిన మార్పు*

మన దగ్గర సాధారణంగా కాలేజీలో చేరాక ఆటల జట్టులో చేరతారు. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో తరచు దీనికి తారుమారు. జట్టు ముందు, కాలేజీ తర్వాత. కోచ్‌లు హైస్కూలు మైదానాలకూ, ప్రైవేటు క్లబ్బుల పోటీలకూ వెళ్ళి పిల్లల ఆట చూస్తారు. ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడతారు. నచ్చిన పిల్లకు సీటు, వీలైతే స్కాలర్‌షిప్ ఇస్తామంటారు. దీన్నే రిక్రూట్‌మెంట్ అంటారు. అక్కడ పైచదువుల ఖర్చు ఎంతటిదో తెలిసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. ఒక కోచ్ అభిప్రాయం మీద ఒక కుటుంబం అప్పుల పాలవడమో, తప్పించుకోవడమో ఆధారపడి ఉంటుంది.

ఈ ద్వారం ఆడపిల్లలకు తెరుచుకున్నది 1972లో. ఆ ఏడాది జూన్ 23న టైటిల్ నైన్ అనే చట్టం అమల్లోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ పురుష భేదం చూపకూడదన్నది దాని సారాంశం. చట్టంలో ఆటల ప్రస్తావనే లేదు. దాని రూపకర్తల్లో ఒకరైన పాట్సీ మింక్, ఆడపిల్ల అయినందుకు వైద్య కళాశాలల్లో సీటు దొరకక న్యాయశాస్త్రం చదివి, హవాయి నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన మనిషి. తలుపులు మూసుకుపోవడం అంటే ఏమిటో ఆమెకు స్వయంగా తెలుసు. 1975లో వచ్చిన నిబంధనలు ఈ చట్టాన్ని ఆటలకూ వర్తింపజేశాయి. 1979లో ప్రభుత్వం ఇచ్చిన వివరణ, సమానత్వాన్ని ఎలా లెక్కగట్టాలో చెప్పింది.

ఫలితాలు చిన్నవి కావు. 1971-72లో హైస్కూలు జట్లలో ఆడే ఆడపిల్లలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. కాలేజీల్లో 30 వేలకు అటూ ఇటూగా ఉన్నవాళ్ళు 2 లక్షలు దాటారు. చట్టం వస్తే ఏమొరుగుతుందని పెదవి విరిచేవాళ్ళకు ఈ అంకెలు చూపించాలి.

అయితే ఈ గెలుపులో కోల్పోయినవి కూడా ఉన్నాయి. 1971లో స్త్రీల కాలేజీ ఆటల కోసం స్త్రీలే నడుపుకునే ఒక సంఘం ఏర్పడింది. ఆడపిల్లల్ని వేటాడినట్టు వెంటబడి జట్లలో చేర్చుకునే పద్ధతిని ఆ సంఘం వ్యతిరేకించింది. మగవాళ్ళ ఆటల్లో వ్యాపారం ఎంత నీచంగా నడుస్తోందో వాళ్ళు చూశారు. ఆ రొచ్చు మనకొద్దని మొదట్లో స్కాలర్‌షిప్‌లను కూడా నిషేధించారు. మగపిల్లలకు దొరికేది మాకెందుకు దొరకకూడదని క్రీడాకారిణులే కోర్టుకెక్కితే 1973లో ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. అడిగినవాళ్ళదీ న్యాయమే, భయపడ్డవాళ్ళదీ న్యాయమే. 1981-82లో మగవాళ్ళ ఆటలు నడిపే ఎన్‌సిఎఎ సంస్థ స్త్రీల పోటీలను కూడా తన చేతిలోకి తీసుకుంది. స్త్రీల సంఘం త్వరలోనే మూతబడింది. 1972లో ఆడపిల్లల జట్లకు కోచ్‌లుగా ఉన్నవాళ్ళలో నూటికి 90 మందికి పైగా స్త్రీలే. ఇప్పుడు సగం మంది కూడా లేరు. డబ్బు, పరువు వచ్చేసరికి ఆ కుర్చీల్లోకి మగవాళ్ళు వచ్చారు. ఈ కథ మనకు కొత్తది కాదు.

ఆ విధంగా ఆడపిల్లలు సమానత్వంతో పాటు, మగవాళ్ళ ఫుట్‌బాల్ అవసరాలకు కుట్టిన చొక్కాను కూడా తొడుక్కోవలసి వచ్చింది. రెండు ఆటలు ఆడాలనుకునే అమ్మాయికి ఆ చొక్కా ఎక్కడ బిగుతో ఇప్పుడు చూద్దాం.

*ఎవరి ఖాతాలో రాయాలి?*

ఎన్‌సిఎఎ మొదటి డివిజన్‌లో ఒక్కో జట్టుకు ఇన్ని స్కాలర్‌షిప్‌లు అని 2024-25 వరకు పరిమితి ఉండేది. స్త్రీల బాస్కెట్‌బాల్‌కు 15, స్త్రీల వాలీబాల్‌కు 12. మగవాళ్ళ ఫుట్‌బాల్‌కు 85. రెండు ఆటలు ఆడేవాళ్ళను ఎవరి ఖాతాలో రాయాలో కూడా నియమం ఉండేది. ఫుట్‌బాల్ ఆడితే ఫుట్‌బాల్ ఖాతాలో. ఫుట్‌బాల్ కాక బాస్కెట్‌బాలూ మరొకటీ ఆడితే బాస్కెట్‌బాల్ ఖాతాలో.

ఈ నియమం ఎందుకు పెట్టారు? ఫుట్‌బాల్ కోచ్‌లు తమ పరిమితి దాటిపోకుండా, తమ ఆటగాళ్ళను పరుగు పందేల జట్టు స్కాలర్‌షిప్ మీద దొంగచాటుగా చేర్చుకోకుండా ఆపడానికి. రోగం మగవాళ్ళ ఫుట్‌బాల్‌ది. మందు ఆడపిల్లలకు కూడా పోశారు.

అది పనిచేసిన తీరు చూడండి. ఒక అమ్మాయిని వాలీబాల్ కోచ్ కోరుకున్నాడు. స్కాలర్‌షిప్ ఇస్తానన్నాడు. ఆ అమ్మాయి బాస్కెట్‌బాల్ కూడా ఆడతానంది. బాస్కెట్‌బాల్ కోర్టులోకి అడుగుపెట్టిన క్షణం నుంచి ఆమె బాస్కెట్‌బాల్ ఖాతాలోకి మారుతుంది. బాస్కెట్‌బాల్ కోచ్ తన 15లో ఒకటి ఖర్చు పెట్టుకోవాలి. జట్టులో పదమూడో స్థానంలోనో పద్నాలుగో స్థానంలోనో ఉండే పిల్ల కోసం, అందులోనూ వాలీబాల్ పోటీలు ముగిసే డిసెంబరు దాకా పూర్తిగా అందుబాటులో ఉండని పిల్ల కోసం, ఆ కోచ్ ఎందుకు ఖర్చు పెడతాడు? నవంబరులోనే బాస్కెట్‌బాల్ పోటీలు మొదలైపోతాయి. కనుక 'వద్దు' అంటాడు. వాలీబాల్ కోచ్ డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, అమ్మాయి ఆడటానికి సిద్ధంగా ఉన్నా, కుదరదు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. ఖాతా అలా రాసి ఉంది, అంతే.

దీనికి తోడు స్కాలర్‌షిప్ గడువు. 1973 నుంచి 2012 దాకా దాదాపు నాలుగు దశాబ్దాలు ఎన్‌సిఎఎ స్కాలర్‌షిప్‌లన్నీ ఒక్క ఏడాదివే. ఏటా మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది ఆచరణలో కోచ్ మాట మీదే నడిచేది. 2012 నుంచి ఎక్కువ ఏళ్ళకు ఇచ్చే వీలు కల్పించారు. వీలు మాత్రమే, విధి కాదు. రిక్రూట్‌మెంట్ అప్పుడు 'తప్పకుండా, రెండూ ఆడుకో అమ్మా' అని నోటిమాట చెప్పిన కోచ్, మొదటి ఏడాది తర్వాత 'రెండో ఆట మానేస్తేనే' అంటే ఆ అమ్మాయి ఏం చేయగలదు? వేరే కాలేజీకి మారాలి, లేదా మానేయాలి. ఇంటి ఓనరు ఏటా అద్దె ఒప్పందం తిరగరాసే ఇంట్లో గోడకు మేకు కొట్టుకునే స్వేచ్ఛ ఎంతుంటుందో, ఇక్కడా అంతే.

ఇక సమయం. పోటీల కాలంలో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదని 1991లో నియమం వచ్చింది. పోటీలు లేని కాలంలో కూడా కొన్ని గంటల సాధన చేయించుకునే వీలుంది. ఆ వీలు వల్లే ఒకే ఆట ఏడాది పొడుగునా సాగే ఉద్యోగమైంది. ఒక ఆట ముగిశాక మరో ఆటకు వెళ్ళడానికి ఉండే సందు మూసుకుపోయింది.

*మగపిల్లలకూ ఇదే కష్టం కదా?*

ఇది సరైన ప్రశ్న. మగపిల్లల్ని కూడా ఏదో ఒకటి తేల్చుకోమంటారు. అయితే బేరమాడే శక్తి ఇద్దరికీ ఒక్కటి కాదు.

కైలర్ ముర్రే సంగతి చూడండి. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడాడు. 2018లో ఓక్లండ్ బేస్‌బాల్ క్లబ్బు అతన్ని తొమ్మిదో ఆటగాడిగా ఎంచుకుంది, 46 లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది, అయినా మరో ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ ఆడుకోనిచ్చింది. ఆ ఏడాదే అతను కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 2019లో ఫుట్‌బాల్ లీగు అతన్ని అందరికంటే ముందు ఎంచుకుంది. రెండు వ్యాపారాలు ఒక కుర్రాడి కోసం పోటీపడ్డాయి. చివరికి తేల్చుకోవలసి వచ్చింది, నిజమే. తేల్చుకున్నది అతనే.

అలాంటి శక్తి ఆడపిల్లలకు లేక కాదు. జాకీ జాయ్నర్ కెర్సీ లాస్ ఏంజెలెస్‌లోని యుసిఎల్‌ఎలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద చదువుకుంటూ అథ్లెటిక్స్‌లోనూ పోటీపడింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో హెప్టాథ్లాన్‌లో ఆమె సాధించిన 7291 పాయింట్ల రికార్డు మూడున్నర దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. అదే విశ్వవిద్యాలయంలో నటాలీ విలియమ్స్ వాలీబాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడింది. 1990, 1991ల్లో వాలీబాల్ జాతీయ విజేతల జట్టులో ఉంది. 2000లో బాస్కెట్‌బాల్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఒక ఆట రెండో ఆటను పాడుచేస్తుందన్న వాదానికి వీళ్ళే జవాబు.

ఎలెనా డెల్ డాన్ కథ ఇంకో వైపు చూపిస్తుంది. హైస్కూల్లోనే దేశమంతా తెలిసిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి. 2008లో స్త్రీల బాస్కెట్‌బాల్‌లో అగ్రస్థానంలో ఉన్న కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, కొద్దిరోజులకే వదిలేసి ఇంటికొచ్చేసింది. ఆట మీద విరక్తి పుట్టింది. వైకల్యం ఉన్న అక్కకు దూరంగా ఉండలేకపోయింది. సొంత రాష్ట్రంలోని డెలవేర్ విశ్వవిద్యాలయంలో చేరి ఆ ఏడాది వాలీబాల్ ఆడింది. ఆ తర్వాతి ఏడాది తనంతట తానే బాస్కెట్‌బాల్‌కు తిరిగి వచ్చింది. 2015లోనూ, 2019లోనూ వృత్తి లీగులో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. రెండో ఆట ఆమెను మొదటి ఆటకు దూరం చేయలేదు, మళ్ళీ దగ్గర చేసింది. ఆమెకు ఆ అవకాశం దొరికింది, అప్పటికే ఆమె ఎంతో పేరున్న మనిషి గనుక. పేరు లేని పిల్ల అలా పక్కకు తప్పుకుంటే తిరిగి పిలిచేదెవరు?

*రెండు ఆటల పిల్ల ఏ ఇంటి పిల్ల?*

ఇక్కడ వర్గం, జాతి ప్రశ్న కూడా ఉంది. చిన్నప్పటినుంచి ఒకే ఆటలో ఏడాది పొడుగునా శిక్షణ పొందడం డబ్బున్న ఇళ్ళలో జరిగే పని. ప్రైవేటు క్లబ్బుకు ఫీజు, ఊళ్ళు తిరగడానికి విమానం ఖర్చులు, ప్రత్యేక కోచింగ్. అవి లేని ఇంటి పిల్ల హైస్కూలు ఏ కాలంలో ఏ ఆట ఆడిస్తే అది ఆడుతుంది. మొదట వాలీబాల్, తర్వాత బాస్కెట్‌బాల్, ఆ తర్వాత పరుగు. జాయ్నర్ కెర్సీ పెరిగిన ఈస్ట్ సెయింట్ లూయిస్ పేద నల్లజాతివాళ్ళ ఊరు. అక్కడి పిల్లలకు రెండు మూడు ఆటలు రావడం ఒక విలాసం కాదు, పెరిగిన తీరు.

కాలేజీల్లో నల్లజాతి ఆడపిల్లలు ఎక్కువగా కనిపించేది బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్‌లలోనే. టైటిల్ నైన్ తర్వాత కొత్తగా పెరిగిన రోయింగ్, లాక్రాస్, గోల్ఫ్ వంటి ఆటల్లో అత్యధికులు తెల్లవాళ్ళు. కనుక కోచ్‌లు క్లబ్బుల్లోంచి ఒకే ఆట పిల్లల్ని ఏరుకుంటూ, 'అంకితభావం ఉన్న పిల్ల కావాలి' అన్నప్పుడు ఆ అంకితభావం వెనక ఎవరి సంపాదన ఉందో కూడా అడగాలి. స్త్రీలకు సమాన అవకాశం అన్న మాటలో ఏ స్త్రీలకు అన్న ప్రశ్న ఎప్పుడూ దాగి ఉంటుంది.

*అడగకపోయినా మూడుసార్లు*

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. అడిగిన పిల్లకు రెండు ఆటలు ఇవ్వని వ్యవస్థ, అడగని పిల్లకు మూడు అంటగట్టిన సందర్భం కూడా ఉంది.

కనెక్టికట్ రాష్ట్రంలోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం 2009లో స్త్రీల వాలీబాల్ జట్టును రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. క్రీడాకారిణులు, వాళ్ళ కోచ్ కోర్టుకు వెళ్ళారు. విచారణలో రిజిస్టర్లు బయటికొచ్చాయి. క్రాస్ కంట్రీ పరుగు జట్టులో ఉన్న ఆడపిల్లలందరూ ఇండోర్ అథ్లెటిక్స్ జట్టులోనూ, ఔట్‌డోర్ అథ్లెటిక్స్ జట్టులోనూ తప్పనిసరిగా చేరాలి. అంటే ఒక్కో అమ్మాయి ముగ్గురు. గాయాలతో ఆ ఏడాది ఆడలేనివాళ్ళ పేర్లు కూడా ఆ జట్లలో ఉన్నాయి. చీర్ జట్టును కూడా ఆటల లెక్కలో కలిపారు. ఈ అంకెలన్నీ చూపించి, ఆడపిల్లలకు కావలసినన్ని అవకాశాలున్నాయి కనుక వాలీబాల్ తీసేసినా చట్టం మీరినట్టు కాదని విశ్వవిద్యాలయం వాదన.

2010 జులైలో కేంద్ర న్యాయస్థానం దీన్ని ఒప్పుకోలేదు. పరుగు జట్ల పేర్లలో కొన్ని నిజమైన అవకాశాలు కావంది. చీర్ జట్టు ఆనాటికి ఉన్న స్థితిలో ఆటగా లెక్కకు రాదంది. 2012లో పై కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. వాలీబాల్ జట్టు నిలబడింది.

ఆ తీర్పుల్లో స్త్రీలకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. ఒక అమ్మాయిని రెండు మూడుసార్లు లెక్కించడమే తప్పని కోర్టు అనలేదు. మూడు కాలాల్లోనూ ఇష్టంగా, నిజంగా పరుగెత్తే పిల్ల ఉంటే ఆమెవి మూడు అవకాశాలే. నిర్బంధంగా పేరు రాయించి, ఆడే వీలు లేకుండా లెక్కలోకి తెస్తే అది అవకాశం కాదు. ఆమె ఇష్టపడిందా, నిజంగా ఆడిందా అన్నవే కొలబద్దలు. రిక్రూట్‌మెంట్‌కు కూడా ఇవే కొలబద్దలు వర్తింపజేయాలని నా వాదన. ఇష్టం లేకుండా చేర్చినప్పుడు అది అవకాశం కాకపోతే, ఇష్టంగా అడిగినప్పుడు కాదనడం అవకాశాన్ని కాలరాయడమే.

*కోచ్‌ల వాదనలు*

కోచ్‌ల మాటలన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. మూడు ముఖ్యమైనవి ఉన్నాయి.

ఒకటి, గాయాలు. రెండు జట్లు ఒకే శరీరాన్ని పంచుకుంటే అది అరిగిపోతుందంటారు. అయితే చిన్న వయసులోనే ఒకే ఆటకు కట్టుబడటం వల్ల వచ్చే గాయాల గురించే వైద్యులు ఎక్కువగా హెచ్చరిస్తున్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన నివేదికలో, కనీసం 15, 16 ఏళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకు పరిమితం కావద్దంది. ఆ వయసు నిండకముందే రిక్రూట్‌మెంట్ ఒత్తిడి మొదలవుతోంది కదా! ఇక కాలేజీలో ఒకే ఏడాది రెండు ఆటలు ఆడటం భారమే. ఆ భారం మోయగలదా లేదా అన్నది వైద్యుడి సలహాతో ఆ అమ్మాయి చెప్పాలి. జట్టు గెలుపు మీద జీతం ఆధారపడ్డ మనిషి చెప్పకూడదు.

రెండు, చదువు. చదువు మీద ఈ ప్రేమ, ఒకే ఆట పిల్లను వారం మధ్యలో దేశం అవతలికి పోటీలకు విమానం ఎక్కించేటప్పుడు ఎటు పోతుంది?

మూడోది గట్టి వాదన. ఒకే అమ్మాయి రెండు స్థానాలు తీసుకుంటే ఇంకో అమ్మాయికి ఒక స్థానం పోదా? పోవచ్చు. దీన్ని దాటవేయకూడదు. ఈ కారణంగానే, రెండు ఆటల పిల్లల్ని చూపించి కొత్త జట్లు పెట్టకుండా తప్పించుకోవడాన్ని మనం ఒప్పుకోకూడదు. కానీ మైదానంలో ఉన్న అరకొర చోటును ఆడపిల్లలు తమలో తాము పంచుకు చావాలనడం ఏ న్యాయం? 85 స్కాలర్‌షిప్‌ల ఫుట్‌బాల్‌ను ఎవరూ తాకకుండా, వాలీబాల్ పిల్లనూ బాస్కెట్‌బాల్ పిల్లనూ ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పడం పాత ఎత్తే.

ఇది అసాధ్యమూ కాదు. ఎన్‌సిఎఎ మూడో డివిజన్ కాలేజీల్లో ఆటల స్కాలర్‌షిప్‌లు లేవు. రెండు ఆటలు ఆడే విద్యార్థులు అక్కడ మామూలుగా కనిపిస్తారు. ఖాతా గొడవ లేనిచోట ఇద్దరు కోచ్‌లు కూర్చుని కాలెండర్ సర్దుకోగలుగుతున్నారు. అంటే అడ్డం శరీరమూ కాదు, కాలమూ కాదు. డబ్బు లెక్క.

*2025 తర్వాత*

ఈ డబ్బు లెక్క ఇప్పుడు పూర్తిగా మారింది. హౌస్ కేసుగా పేరుపడ్డ దావాలో కుదిరిన ఒప్పందాన్ని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించింది. అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు 2025-26 నుంచి స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఇంతమందే ఉండాలన్న పరిమితి వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. పాత ఏళ్ళకు పరిహారంగా 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. అందులో సింహభాగం ఫుట్‌బాల్, మగవాళ్ళ బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళకు పోతుంది. ఇది టైటిల్ నైన్‌కు విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు ఆ నెలలోనే అప్పీలు చేశారు.

స్కాలర్‌షిప్ పరిమితి పోయింది కనుక రెండు ఆటల అమ్మాయికి దారి సుగమమైందని అనుకోవచ్చు. నాకు ఆ నమ్మకం లేదు. జట్టులో చోటు లెక్కబెట్టి ఇచ్చేదైనప్పుడు, సగం కాలం వేరే జట్టుతో ఉండే పిల్లకు ఆ చోటు ఇవ్వడానికి కోచ్ మరింత వెనకాడతాడు. నియమం మారినంత మాత్రాన హక్కు రాదు. హక్కును హక్కుగా రాయించుకోవాలి.

ఏమని రాయించుకోవాలి? నేననుకునేవి ఇవి.

రిక్రూట్‌మెంట్‌లో 'రెండూ ఆడవచ్చు' అన్న మాట ఇస్తే అది కాగితం మీద ఉండాలి. ఇద్దరు కోచ్‌లతో పాటు ఆటల విభాగం అధికారి కూడా సంతకం చేయాలి. కోచ్ మారినా మాట మారకూడదు.

రెండో ఆట ఆడినందుకు స్కాలర్‌షిప్ తగ్గించడం, రద్దు చేయడం నిషేధించాలి.

రెండు ఆటల సాధన గంటలనూ కలిపి ఒకే మనిషి గంటలుగా లెక్కించాలి. విశ్రాంతి రోజు గ్యారంటీగా ఉండాలి. గాయాల విషయంలో కోచ్‌తో సంబంధం లేని వైద్యులదే తుది మాట కావాలి.

ఏ అమ్మాయినీ ఆమె సంతకం లేకుండా రెండో జట్టు జాబితాలో చేర్చకూడదు.

విశ్వవిద్యాలయాలు ఎన్ని స్థానాలో ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, ఎంతమంది మనుషులో కూడా పక్కనే చెప్పాలి. ఆటల్లో సమానత్వం గురించి 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఏటా ఇచ్చే నివేదికల్లో ఈ రెండు అంకెలూ ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు. చూసి అడిగేవాళ్ళు కావాలి.

*మన రిజిస్టర్ల మాట*

ఇందులో మనకు పనికొచ్చేది ఉందా? అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ఆడపిల్లలు కూడా అక్కడి హైస్కూళ్ళలో ఆడుతున్నారు. 'ఒక్కటే పట్టుకో, కాలేజీకి పనికొస్తుంది' అని వాళ్ళకు ఇంట్లో చెప్పే మాట, కోచ్ చెప్పే మాట ఒకటే. ఆ తల్లిదండ్రులకు ఈ లెక్కలు తెలియాలి. అది ఒక సంగతి.

అంతకంటే పెద్ద సంగతి మన పని గురించి. పల్లెల్లో, బస్తీల్లో పనిచేసే మన కార్యకర్తలకు రిజిస్టర్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒకే మనిషి పేరు పొదుపు సంఘంలో ఉంటుంది, ఆరోగ్య కమిటీలో ఉంటుంది, శిక్షణకు వచ్చినవాళ్ళ జాబితాలో ఉంటుంది. నివేదికలో ఆమె ముగ్గురు లబ్ధిదారులు. ఆ మూడు చోట్లకూ ఆమె ఇష్టంగా వచ్చిందా, సంఘంలో అప్పు రాదేమోనన్న భయంతో వచ్చిందా అన్నదానికి ఫారంలో గడి ఉండదు. ఆమే వచ్చి 'నాకు కుట్టుపని వద్దు, డ్రైవింగ్ నేర్పండి' అంటేనో, 'రెండూ నేర్పండి' అంటేనో, 'మా ప్రాజెక్టులో లేదమ్మా' అంటాం. లెక్క నింపడానికి ఆమె ఎంతమందైనా అవుతుంది. కోరిక చెప్పడానికి మాత్రం ఒక్క మనిషిగా కూడా నిలవదు.

సమానత్వాన్ని అంకెలతో కొలవొద్దని నేననడం లేదు. అంకెలు లేకపోతే 1972కు ముందు 3 లక్షలు, ఇప్పుడు 30 లక్షలు అని చెప్పగలిగేవాళ్ళమా? క్విన్నిపియాక్ వాలీబాల్ అమ్మాయిలు గెలిచింది కూడా అంకెల్ని తిరగేసి చూపించే. అంకెలు మన ఆయుధం. కానీ ప్రతి అంకె పక్కనా ఒక ప్రశ్న రాసుకోవడం మనం మరిచిపోకూడదు: ఈమెను అడిగారా?

అడిగి ఆడించినప్పుడు రెండు ఆటలు ఆడే అమ్మాయిని ఇద్దరుగా లెక్కించండి. ఎవరికీ అభ్యంతరం లేదు. అడగకుండా రాసుకున్న పేరు మాత్రం రిజిస్టర్‌లో ఎన్నిసార్లున్నా సున్నాయే.